మూడో భాగానికి ఒక బొట్టుబిళ్ల

నేను కోరుట్లలో బస్సు దిగి దుకాణం చేరేసరికి మూడో భాగం అయిదో స్థానంలో ఉంది.

దుకాణం మా బావమరిది రాజేశ్‌ది. బస్టాండు వెనక సందులో ఉన్న ఇంటి ముందు గదిలోనే నడుపుతున్నాడు. టీవీలు, తిరిగే కుర్చీలు, గోడలకు నీలిరంగు దీపాలు. ‘కోల్డ్ గారిసన్’ అని ఒక తుపాకుల ఆట ఉంది. ఆకాశంలో ఎక్కడో మంచు కప్పిన గ్రహం, అక్కడొక కోట, కోట మీదికి ఎగబడే తేళ్లలాంటి జంతువులు. ఇరవై ఏళ్లుగా భాగం వెనక భాగం వస్తూనే ఉంది. ఇప్పుడు ఏడోది వస్తున్నదట. అందుకని రాజేశ్ పాత ఆరు భాగాల బొమ్మలు గాజు తలుపుకు అతికించి, వచ్చిన ప్రతివాడి చేతికీ ఒక బొట్టుబిళ్ల ఇస్తున్నాడు. నచ్చిన భాగం మీద అంటించాలి. ఎక్కువ బిళ్లలు పడ్డ మూడు భాగాలే ఇక మీదట దుకాణంలో ఉంటాయి. మిగిలినవి పోతాయి.

ఆరో భాగం బొమ్మ అమ్మవారు పోసినట్టు ఎర్రగా ఉంది.

మొదటి మూడు భాగాలు టీవీకి తగిలించే పాత ఆట మిషను మీద తప్ప నడవవు. వాటిలో ఒక్కటీ పైకి రాకపోతే ఆ మిషనుతో రాజేశ్‌కు పనిలేదు. జగిత్యాలలో భూమేశ్ అనే అతను పాత ఆటలతో దుకాణం తెరుస్తున్నాడు. అతను వచ్చి తీసుకుపోతాడు. ఈ సంగతి రాజేశ్ నాకు ఫోనులో, వాన పడుతున్నదా అని అడిగినంత తేలికగా చెప్పాడు.

ఆ మిషనులో నా భార్య స్వర్ణలత, నేను కలిసి ఆడి ఆపేసిన ఆట ఉంది. మూడో భాగం, ఆఖరి మెట్టు. ఆమె పోయి రెండేళ్లు దాటింది. ఆ ఆట ఎక్కడ ఆగిందో అక్కడే ఉండాలి. అది ఉండాలంటే మిషను ఉండాలి. నేను సిరిసిల్ల నుంచి వచ్చింది అందుకే.

"అచ్చినవా బావా," అన్నాడు రాజేశ్. "ఎండల ఎందుకచ్చినవ్? ఫోన్ల జెప్పిన గదా."

"నువ్వు జెప్పినవ్. నేను జెప్పింది నువ్వు ఇనలే."

"ఇన్న. గని గీడ అందరి మాట నడుస్తది. నీ ఓటు నువ్వెయ్యి."

అతను ఇచ్చిన బిళ్లను అక్కడికక్కడే మూడో భాగం మీద అంటించాను. కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న ఒకతను నవ్వాడు. పేరు సునీల్. బ్యాంకు లోన్ల కోసం ఊళ్లు తిరుగుతాడట, మధ్యాహ్నాలు ఇక్కడ గడుపుతాడు.

"కాకా, మూడోదానికేసినవా? అది బొంద వెట్టిన ఆట."

"నీకు ఏది మంచిగున్నది?"

"ఆరు. ఇంకేముంది? మొత్తం గ్రహమంత తిరగొచ్చు. ఏ కొండ కనవడ్తె గా కొండెక్కొచ్చు."

"ఎక్కి ఏం జేస్తవ్?"

"ఏం జేసుడేంది? సూసుడు."

"సూసుడే అయితే కోరుట్ల గుట్టెక్కు."

గదిలో ఇంకెవరో నవ్వారు. సునీల్ కుర్చీని నా వైపు తిప్పాడు. నేను ఒక కుర్చీలో కూర్చుని, చెప్పదలచుకున్నది చెప్పాను. ఆరో భాగం అన్నిటికన్నా అడుగున ఉండాలి. దాన్ని చేసినవాళ్లు తెరను రెండు సగాలు చేసి ఇద్దరు పక్కపక్కన ఆడే పద్ధతిని ఎత్తేశారు. ఎవడి ఇంట్లో వాడు, ఎవడి మిషను ముందు వాడు కూర్చోవాలి. పక్కన మనిషికి తావు లేని ఆటను ఆట అనను. అయిదోది బండ్ల ఆట. మంచులో బండి తోలడమే తప్ప యుద్ధం లేదు. నాలుగోదాంట్లో సిపాయి తల మీది టోపీ తీసేసి మొహం చూపించారు. మూడు భాగాలు మొహం లేకుండా కొట్లాడినవాడు, మొహం రాగానే ముచ్చట్లు పెట్టాడు. తుపాకి పట్టింది తక్కువ, మాట్లాడింది ఎక్కువ. మొదటిది బురదరంగు, మొరటు. కానీ మోసం లేదు. రెండోది చిన్నపిల్లల ఆట. రెండు చేతుల్లో రెండు తుపాకులు ఇచ్చారు, ఎటు కాల్చినా తేలు చస్తుంది.

"మరి మూడో పార్టుల ఏమున్నదే కాకా?"

"దాంట్ల పక్కోడు లేకుంటే నువ్వు బత్కవు."

"ఎండింగు సూసినవా?"

"సూడలే."

"ఎండింగు సూడకుంటనే ఫస్టు ర్యాంకా?" సునీల్ తొడ చరిచాడు. "రాజేశన్నా, మీ బావ పెండ్లిపిల్లను సూడకుంటనే తాళి కట్టిండా ఏంది?"

"సునీల్, ఊకో," అన్నాడు రాజేశ్.

నేను స్వర్ణను చూసే కట్టాను. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచాలంటాము. ఇద్దరం ఒకే కార్ఖానాలో పనిచేశాము. ఆమె మొదట నూలు కండెలు చుట్టేది, తర్వాత నా పక్క వరుసలో సాంచాలు నడిపింది. సాంచాల రొదలో మాట వినబడదు. చెవి దగ్గర అరిచినా వినబడదు. అందుకని అక్కడ అందరమూ చేతులతో మాట్లాడుకుంటాము. పోగు తెగితే ఒక సైగ, కండె అయిపోతే ఒకటి, కార్ఖానా నడిపే ఆసామి వస్తున్నాడంటే ఒకటి. ఏళ్లు గడిచేసరికి మా ఇద్దరి చెవులూ సగం పోయాయి. ఇంట్లో కూడా చేతులతోనే మాట్లాడుకునేవాళ్లం.

ఆ మిషను రాజేశ్ మస్కట్ నుంచి వచ్చేటప్పుడు అక్కకని తెచ్చాడు. మాకు పిల్లలు లేరు. ఈ వయసులో మొగుడూ పెళ్లాలు తుపాకుల ఆట ఏమిటని మా వాడలో నవ్వారు. నవ్వినవాళ్లే తమ కొడుకులను మా మీదికి పోటీకి పంపారు. ఆ పిల్లలు ‘కుడికి, కుడికి’ అని అరుచుకుంటూ ఆడేవాళ్లు. అరిచి, విని, తిరిగేలోపు తేలు వాళ్లను కుట్టేది. స్వర్ణ మోకాలి మీంచి రెండు వేళ్లు ఎత్తేది. నాకు అది చాలు. మమ్మల్ని ఆ వాడలో ఎవరూ గెలవలేదు.

మూడో భాగం ఆఖరి మెట్టు మాత్రం దాటలేకపోయాము. కోట తగలబడుతుంటుంది. ఒక మూల ఇనుప మీట ఉంటుంది. ఒకరు దాన్ని పట్టుకుంటే దూరంగా తలుపు తెరుచుకుంటుంది. తలుపు అవతల ఎగిరే ఓడ. మీట వదిలితే తలుపు మూసుకుంటుంది. స్వర్ణ మీట పట్టుకుంటే నేను తలుపు దాకా పోయేవాణ్ణి. వెనక్కి తిరిగి చూస్తే ఆమె చుట్టూ తేళ్లు. మళ్లీ వచ్చేవాణ్ణి. నేను పట్టుకుంటే ఆమె వచ్చేది. ఇద్దరం కలిసి కొట్టేవాళ్లం, కోట కూలేది, ఆట మొదటికొచ్చేది. తెర మీద ఇంగ్లీషులో ఏదో మెరిసేది. నేను మా ఊరి బడిలో ఏడు దాకా చదివాను. ఆమెకు అదీ లేదు. ఇద్దరూ దాటే ఉపాయం ఎక్కడో ఉంటుందని వెతికాము.

సాంచాల మీద ఒక పద్ధతి ఉంది. ఒకరి సాంచె మీద పడుగు చుట్టిన బీము పోగులు తెగిపోతే పక్కవాడు తన సాంచాలు ఆపి వచ్చి ముడివేయాలి. తెగిన బీము ముందు మనిషిని ఒంటరిగా వదిలి తన గుడ్డ తాను నేసుకునేవాణ్ణి ఆ కార్ఖానాలో ఎవరూ పలకరించరు. మాకు తెలిసింది అది.

"మూడో పార్టుల ఏమున్నదో నేను జెప్పనా కాకా?" సునీల్ మళ్లీ అందుకున్నాడు. "ఏం లేదు. ఒకడు మీట పట్టుకొని గాన్నే సావాలె. ఒకడు ఓడెక్కి పోవాలె. గంతే ఎండింగు. గందుకే ఎవ్వడు బిళ్ల పెడ్తలేడు."

నేను రాజేశ్ వైపు చూశాను. అతను తలుపు మీద అంటుకోని బిళ్లను వేలితో నొక్కుతున్నాడు.

"నిజమేనా?"

"ఆ. స్క్రీను మీద రాసుంటది బావా. ఒక్కలే పోవాలె అని."

"నీకు ముందే ఎర్కనా?"

"ఎర్కే."

"ఏండ్ల సంది మేము కొట్లాడుతుంటే జెప్పలేదేంరా?"

"నువ్వడగలేదు బావా. అక్క అడిగింది, అక్కకు జెప్పిన."

ఆ మాట అన్నాక గానీ తానేం అన్నాడో అతనికి తెలియలేదు. మొహం మారింది. నేను లేచి నిలబడ్డాను.

"ఎప్పుడడిగింది?"

జవాబు లోపలి గుమ్మం దగ్గర నుంచి వచ్చింది. మా అత్త లచ్చవ్వ మంచినీళ్ల చెంబుతో నిలబడి ఉంది. "గీడున్నప్పుడే అడిగింది అల్లుడా. జగిత్యాలకు మందులకు తిప్పుతున్నప్పుడు. గీ గదిలనే, గా మంచం మీదికెల్లి."

కడుపులో గడ్డ అన్నాక స్వర్ణ పుట్టింటికి వచ్చింది. జగిత్యాల ఆస్పత్రి ఇక్కడికి దగ్గర. వస్తూ మిషను కూడా తెచ్చుకుంది. అప్పుడు సిరిసిల్లలో సర్కారు బతుకమ్మ చీరల ఆర్డరు నడుస్తున్నది. నేను ఆదివారాలు వచ్చేవాణ్ణి. వచ్చినప్పుడల్లా ఆడుదామనేది. బాగైనంక ఆడుదామనేవాణ్ణి. ఆమె పోయినప్పుడు ఆడవాళ్లు ముత్తయిదువగా పోయింది, అదృష్టం అన్నారు. ఆ మాట అన్నవాళ్లలో ఒక్కరి గడప కూడా మళ్లీ తొక్కలేదు.

"అడిగింది. జెప్పినవ్. మల్ల?"

"మల్ల ఏంది బావా..."

"ఆడిండ్రా?"

రాజేశ్ తల ఊపాడు.

"ఆఖరి దాంక?"

"ఆఖరి దాంక. మీ ఇద్దరి ఆట ముట్టలే. వేరేగ మొదలువెట్టినం. నీ పేరు మీదనే ఆడుదాంరా అన్నది అక్క."

"మీట ఎవలు పట్టిండ్రు?"

"అక్క."

"నువ్వు?"

"ఆట గట్లున్నది బావా. ఎవలన్న ఒకలు..."

"నువ్వు ఆమెను గాడ ఇడిసిపెట్టి ఓడెక్కినవ్."

"ఆట బావా అది!"

"ఎక్కినవా లేదా?"

"ఎక్కిన. నేను గూడ తిరిగొచ్చిన ఒకసారి. అక్క రిమోటు ఒళ్లె పెట్టి, చెయ్యితోని గిట్లన్నది." అతను అరచేతిని బయటికి పెట్టి రెండుసార్లు తోసి చూపించాడు. "పో అన్నట్టున్నది. పోయిన."

అతను కోరుట్లలో పెరిగాడు, కార్ఖానా లోపలికి ఎన్నడూ రాలేదు. ఆ సైగకు ‘పో’ అని కాదు అర్థం. నీ సాంచె నువ్వు చూసుకో, ఇటు రాకు అని. పనిలో చేయి తిరిగినవాళ్లు ఆ సైగ చేస్తారు, అవతలివాడు మాట వింటాడని నమ్మకం ఉన్నప్పుడు. నాతో ఆడిన అన్ని రోజుల్లో ఆమె నాకు ఆ సైగ ఒక్కసారి కూడా చేయలేదు.

"నాకెందుకు జెప్పలే?"

"అక్క అద్దన్నది. మీ బావకు తెలిస్తే ఇగ ఆడడురా అన్నది."

"ఆడి ఏమన్నది? ఎన్నో నంబరిచ్చింది దానికి?"

"పోనీ తియ్యి బావా."

"జెప్పు."

"లాస్టు అన్నది. ఇద్దరిని కూసుండవెట్టి ఒక్కన్ని పంపిస్తది, గిదేం ఆటరా అన్నది. ఆమెకు రెండోదే ఇష్టం. మా ఆయినె, నేను కూసుంటే దాంట్ల ఓడిపోవుడే లేదు అన్నది."

చిన్నపిల్లల ఆట అని నేను ఇందాకే అందరి ముందూ తీసిపారేసింది దాన్నే. సునీల్ దాన్ని గుర్తుచేయబోయి, నా మొహం చూసి ఫోనులోకి దిగిపోయాడు. అంత బుద్ధి ఉన్నందుకు అతన్ని ఆ పూట మన్నించాను. మిగిలిన ఇద్దరినీ మన్నించలేదు. ఒకడు నా ముందు నిలబడి ఉన్నాడు. ఇంకొకామె, మన్నించినా మన్నించకున్నా ఒకటే అయిన చోట ఉంది.

అప్పుడే భూమేశ్ వచ్చాడు. పెద్ద పొట్ట, భుజాన ఖాళీ సంచి, మంచి మాటకారి. "ఏదన్నా, ముసలి మిషను? ఒక్క గీత గూడ లేదంటివి. పెండ్లికూతురు లెక్క సాగదోలుతరా?" అన్నాడు. ఎవరూ నవ్వకపోయేసరికి సంచి కింద పెట్టి తలుపు మీది బిళ్లలు చూడసాగాడు.

"బావా," రాజేశ్ నా చెవి దగ్గరికి వంగి గొంతు తగ్గించాడు. "నీకు మిషను కావాలంటే జెప్పు. భూమేశన్నకు లేదని జెప్త. ఓట్లు గీట్లు ఇడిసిపెట్టు. తీస్కపో ఇంటికి."

గంట ముందు ఆ మాట అని ఉంటే మిషనును ఒళ్లో పెట్టుకుని సిరిసిల్ల పోయేవాణ్ణి.

"మొదలు గది పెట్టు," అన్నాను. "నాదీ, మీ అక్కదీ. ఎక్కడ ఆగిందో గక్కడికెల్లి."

"దానికి ఇద్దరుండాలె."

"నువ్వు కూసో."

"నేనా?"

"నీకు అలవాటే గదా."

అతను పాత మిషను తీగలు టీవీకి తగిలించాడు. తెర రెండు సగాలయింది. పై సగం నాది. కింది సగంలో స్వర్ణ సిపాయి, ఆమె ఎంచుకున్న పసుపుపచ్చ కవచం. రిమోటు రాజేశ్ చేతిలో ఉంది.

కోట తగలబడుతున్నది. అతను బాగా ఆడుతాడు, అది ఒప్పుకోవాలి. కాకపోతే నోరు మూయడు. "ఎడమకు బావా, ఎడమకు, పైన ఒకటున్నది." నాకు సగం వినబడదు. నా ఎడమ చేయి రెండుసార్లు రిమోటు వదిలి లేచింది, కండె అయిపోయింది అన్నట్టు. తూటాలు అయిపోయాయని దాని అర్థం. అతనికి తెలియలేదు. రెండుసార్లూ చేయి దించుకున్నాను. మీట దాకా రావడానికి, స్వర్ణతో పట్టిన దానికి రెండింతల సేపు పట్టింది.

"నువ్వు పో బావా," అన్నాడు. "నేను పట్టుకుంట. అక్క లెక్కనే."

పసుపు కవచం మీట పట్టుకుంది. దూరంగా తలుపు లేచింది. నేను పరుగెత్తాను. ఇంతకుముందు ఎప్పుడూ సగం దూరంలో నా బొటనవేలు దానంతటదే వెనక్కి మళ్లేది. తేళ్లు వస్తున్నాయని కింది సగం తెర చెబుతున్నది. ఎర్రగా మెరుస్తున్నది. రాజేశ్ కాల్చడం మానేసి రిమోటును రెండు చేతులా పట్టుకున్నాడు. లచ్చవ్వ గుమ్మం దగ్గర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మంచం మీద నుంచి బిడ్డ ఆడుతుంటే అక్కడే నిలబడి చూసి ఉంటుంది.

నా వేలు మళ్లలేదు. తలుపు దాటాను. అది నా వెనక పడిపోయింది.

కింది సగం నల్లబడింది. నా సగం పెరిగి తెరంతా నిండింది. ఓడ లేచింది. ఒక తెల్లటి సూర్యుడు, కొంత సంగీతం, తర్వాత ఆట చేసినవాళ్ల పేర్లు. ఎంతకూ తెగవు. ఇన్నేళ్లూ నేను మొదటి స్థానంలో పెట్టింది దీన్ని.

"అయిపోయింది బావా," అన్నాడు రాజేశ్. "ఒక్కసారన్న ఎన్కకు మర్రి సూస్తవనుకున్న."

"ఎందుకు?"

"అక్కది గదా ఆ సిపాయి."

"అక్కడున్నది నువ్వు."

అతను రిమోటు బల్ల మీద పెట్టేశాడు. ఇక నావైపు చూడలేదు. అతను కూడా ఏడ్చినవాడే, దినాల నాడు గోడకు తల కొట్టుకున్నవాడే. అది నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన చేసేదేమీ లేదు.

భూమేశ్ దగ్గాడు. "అన్నా, మరి మిషను సంగతి? ఉంచుకుంటరా ఏంది?"

రాజేశ్ తప్ప అందరూ నా వంక చూశారు.

"తీస్కపో," అన్నాను.

"దీంట్ల మీ ఆటలున్నయి. ఎవల పేరో ఆడపేరు గూడ ఉన్నది. ఉండనియ్యాల్నా, తుడిసెయ్యాల్నా?"

"నీ దుకాణం. కొత్తోళ్లకు జాగ కావాలె గదా. తుడిసెయ్యి."

"అల్లుడా!" అన్నది లచ్చవ్వ.

భూమేశ్ ఇంకొకసారి నన్ను అడగాలా వద్దా అని ఆలోచించి, అడగకుండానే తీగలు చుట్టడం మొదలుపెట్టాడు. సునీల్ తన టీవీ వైపు కుర్చీ తిప్పుకున్నాడు. ఆరో భాగం ఆడుతున్నాడు. ఒక్కడే ఏదో కొండ ఎక్కుతున్నాడు.

లచ్చవ్వ గడప దాకా వచ్చి, అన్నం వండిన, తిని పొమ్మంది. స్వర్ణ గొంతులో ఉండే సాగదీత ఆ గొంతులోనూ ఉంది.

"బస్సున్నదత్తా," అన్నాను.

సిరిసిల్ల దారిలో, కథలాపూర్ మీదుగా పోయే వేములవాడ బస్సు ఒకటి నిండుగా ఉంది. తర్వాతి దానికోసం ఆగలేదు. నిలబడే వచ్చాను.